‘దమ్ము’ కోసం మూసిన సైట్లు

విమియో రావడం లేదు. రిఫ్రెష్ కొడతారు. తెల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం: టెలికాం శాఖ ఆదేశాల ప్రకారం ఈ సైటును ఆపేశారట. ఎవరు అడిగితే ఆపారు, ఏ కోర్టు, ఏ కేసు, ఎన్నాళ్ళు? అవేమీ లేవు. డైలీమోషన్ కొడతారు. అదే వాక్యం. పేస్ట్‌బిన్ కొడతారు. అక్కడా అదే.

2012 మే మూడో వారం. బిలాస్‌పూర్‌లో బుధవారీ బజారు పక్క సందు, అందులో ఒక నెట్ సెంటర్. పొద్దున్నే బెల్తరాలో బస్సెక్కి, రతన్‌పూర్ మీదుగా వచ్చి, ఆటో పట్టుకుని రైల్వే కాలనీ వైపు చేరేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నౌతపా ఇంకా రానేలేదు, అప్పుడే రోడ్డు మీద తారు మెత్తబడింది. లోపల కూలరు తిరుగుతోంది గానీ దాని గాలి తలుపు దగ్గర కూర్చున్న ఇద్దరికే సరిపోతుంది.

కూర్చునే ముందు రిజిస్టరులో రాయాలి. పేరు, ఊరు, ఐడీ కార్డు, వచ్చిన టైము. వెళ్ళేటప్పుడు మళ్ళీ టైము, సంతకం. కిందటేడు ఏప్రిల్లో సైబర్ కెఫేలకు కేంద్రం పెట్టిన నిబంధనలివి. ఆ రిజిస్టరును ఏడాదిపాటు దాచాలి. సీట్ల మధ్య అడ్డంగా పెట్టే చెక్కలు నాలుగున్నర అడుగుల ఎత్తు దాటకూడదని కూడా అందులోనే రాశారు. ఢిల్లీలో ఎవరో టేపు పట్టుకుని కొలిచి మరీ రాసినట్టుంటుంది. ఫలితం ఏమిటంటే, కాస్త మెడ సాచితే పక్క సీటు కుర్రాడి తెర మీకు కనిపిస్తుంది, మీది అతనికి కనిపిస్తుంది.

“మావయ్యా, నెట్టు పోయిందేటి?”

కౌంటరు వెనక పెద్దాయన తల ఎత్తడు. వాళ్ళ తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడ ఫైర్‌మన్‌గా చేరాడు. మూడు తరాలు దాటినా ఇంట్లో మాట ఇంకా సిక్కోలు మాటే. ఈ కాలనీలో ప్రతి వరసకీ అలాంటి ఇళ్ళున్నాయి.

“నెట్టు బాగానే ఉంది బాబూ. ఆ సైట్లే రావట్లేదు. రెండ్రోజుల్నుంచి ఇదే గోల. అందరి లైన్లూ అంతేనంట.”

“ఎందుకంట?”

“మన సినిమా మూలానంట. ఎన్టీఆర్‌ది. పేపర్లో ఏసాడు, సూడు.”

సినిమా పేరు ‘దమ్ము’. బోయపాటి శ్రీను దర్శకుడు, జూనియర్ ఎన్టీఆర్ హీరో, ఏప్రిల్ 27న విడుదలైంది. దానికి కొద్ది రోజుల ముందే మద్రాసు హైకోర్టు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ధనుష్ నటించిన ‘3’ సినిమాకి మార్చిలో ఇచ్చిన ఉత్తర్వు లాంటిదే ఇది కూడా. ఆ ‘3’ పాటే కదా, ‘కొలవెరి’, విడుదలకు ముందే బయటికి పొక్కి దేశమంతా మోగిపోయింది. ఈ కేసుల్లో ప్రతివాదులుగా ఇంటర్‌నెట్ కంపెనీల పేర్లు వరసగా ఉంటాయి. వాళ్ళ తర్వాత ‘అశోక్ కుమార్’ అనే పేరు కనిపిస్తుంది. ఆ పేరుతో మనిషెవరూ లేడు. సినిమా దొంగతనంగా పంచబోయే ఊరూపేరూ తెలియని వాళ్ళందరికీ కోర్టు తగిలించిన పేరది. ఇంకా జరగని తప్పుకి, ఎవరో తెలియని ముద్దాయి మీద, ముందే తెచ్చుకున్న ఉత్తర్వు.

దాన్ని చేతబట్టుకుని చెన్నైలోని కాపీరైట్ ల్యాబ్స్ అనే సంస్థ నెట్ కంపెనీలకు జాబితాలు పంపింది. దొంగ కాపీ ఉన్న పేజీని మాత్రం వెతికి ఆపడం కష్టమైన పని. సైటు పేరు మొత్తం ఆపేస్తే పని సులువు, కోర్టు ధిక్కారం భయమూ ఉండదు. కంపెనీలు సులువైన పనే చేశాయి. అలా పైరేట్ బేతోపాటు సొంత వీడియోలు పెట్టుకునే విమియో పోయింది, ఉత్త అక్షరాలు తప్ప ఇంకేమీ దాచలేని పేస్ట్‌బిన్ కూడా పోయింది. పేస్ట్‌బిన్‌లో ‘దమ్ము’ సినిమా చూడటం ఎవరివల్లా కాదు. అయినా పోయింది.

పక్క సీటు కుర్రాడు మీ తెర వైపు చూసి నవ్వుతాడు.

“హెచ్‌టీటీపీ పక్కన ఎస్ పెట్టి కొట్టండన్నయ్యా, కొన్ని లైన్లలో తెరుచుకుంటంది.”

పెట్టి కొడతారు. పేస్ట్‌బిన్ తెరుచుకుంటుంది. దేశం మొత్తానికి వేసిన తాళం ఒక్క అక్షరంతో ఊడింది. ఆపడంలో వాళ్ళెంత శ్రద్ధ పెట్టారో అక్కడే తెలిసిపోతుంది.

అతని తెర మీద ఉన్నది వెబ్ పేజీ కాదు. పెన్ డ్రైవులోంచి తీసిన నోట్‌ప్యాడ్ ఫైలు. బొమ్మల్లేవు, రంగుల్లేవు, లింకుల్లేవు. పైన సమాన గుర్తుల మధ్య ‘ఫ్రాక్’ అన్న పేరు, కింద సంపుటి, సంచిక, ఎన్నో ఫైలో. ఏ వరసా ఎనభై అక్షరాలు దాటదు. పాతకాలపు మానిటర్ల మీద వెడల్పుకి పట్టేది అంతే మరి. ఆ కొలతకు కట్టుబడి ఉండబట్టే 1985లో రాసిన ఫైలు 2012లో ఈ మురికి పట్టిన కంప్యూటర్లో, ఏ సాఫ్ట్‌వేరూ అడక్కుండా తెరుచుకుంది.

1985 నవంబరు 17. అమెరికాలో మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరం. ఒక ఇంట్లో కంప్యూటరు, మోడెము, ఫోను లైను. ఆ లైనుకి డయల్ చేసి కనెక్టయితే కనిపించే బోర్డు పేరు ‘మెటల్ షాప్’. ఇద్దరు కుర్రాళ్ళు, టారన్ కింగ్, నైట్ లైట్నింగ్ అన్న మారుపేర్లతో, ఎనిమిది ఫైళ్ళను ఒక కట్టగా అందులో పెట్టారు. హ్యాకర్ల పత్రిక ‘ఫ్రాక్’ తొలి సంచిక అదే. లోపల ఉన్నవి చూస్తే నవ్వొస్తుంది. మాస్టర్ కంపెనీ తాళాలు ఊడదీయడం ఎలా, ఎసిటిలీన్ బెలూన్ బాంబు ఎలా చేయాలి, ఇలాంటివి. పదిహేనేళ్ళ మగపిల్లలకి ఎక్కడైనా ఆసక్తి ఉండేది వీటి మీదే. ఇందులో రాజకీయం వెతకడం దండగ.

రెండు నెలలు తిరక్కుండా 1986 జనవరి 8న, అరెస్టయిన కొద్ది రోజులకు, లాయిడ్ బ్లాంకెన్‌షిప్ అనే అతను ‘ద మెంటర్’ పేరుతో ఒక చిన్న వ్యాసం రాశాడు. ‘లీజియన్ ఆఫ్ డూమ్’ బృందంలో సభ్యుడతను. ఏడో సంచికలో అది అచ్చయింది, అచ్చు అనొచ్చో లేదో గానీ. బళ్ళో విసుగెత్తి కంప్యూటరు ముందు చేరిన కుర్రాడు పెద్దవాళ్ళ లోకాన్ని నిలదీసే వ్యాసం. యుద్ధాలు చేసేది మీరు, నేరస్తులని పిలిచేది మమ్మల్ని అంటాడు. చదివితే కోపం ఎక్కువ, వాదన తక్కువ. కానీ తాళం తీయడం గురించి రాసుకునే కుర్రాళ్ళ గుంపులో ఎవరో ఒకరు మొదటిసారి ‘మనం ఎందుకు ఇలా చేస్తున్నాం’ అని రాయడానికి కూర్చున్నారు. ఆ తర్వాతి కథంతా అక్కడి నుంచే నడిచింది.

ఫోను దొంగలకు రాజకీయం అంతకుముందు లేదని కాదు. 1971లోనే న్యూయార్కులో యుద్ధ వ్యతిరేక ఉద్యమకారుడు ఆబీ హాఫ్‌మన్ మిత్రబృందం ఒక కరపత్రం వేసేది. ఫోను బిల్లు మీద వేసే పన్ను వియత్నాం యుద్ధానికి పోతోంది కాబట్టి డబ్బులివ్వకుండా ఫోను వాడుకోవడమే యుద్ధ వ్యతిరేకత అని వాళ్ళ వాదం. కాగితం మీద అచ్చేసి పోస్టులో పంపేవాళ్ళు. ఫ్రాక్ నాటికి పోస్టు ఖర్చు కూడా పోయింది.

ఇక షికాగో. 1990 జులై నెలాఖరు. ఫెడరల్ కోర్టు హాలు. ముద్దాయి ఇరవై ఏళ్ళ కుర్రాడు, మిస్సోరి విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు, పేరు క్రెయిగ్ నైడార్ఫ్. అతనే నైట్ లైట్నింగ్. దొంగతనం అతను చేయలేదు. బెల్‌సౌత్ అనే టెలిఫోన్ కంపెనీ కంప్యూటర్లోంచి ఇంకొకరు తీసుకొచ్చిన ఒక పత్రాన్ని కత్తిరించి, ఫ్రాక్ 24వ సంచికలో వేశాడు. అమెరికాలో ఆపదలో తిప్పే 911 నంబరు వ్యవస్థని ఎవరు నడుపుతారు, ఏ ఆఫీసు ఏ పని చూస్తుంది అన్న గుమాస్తా భాష పత్రం. ఆ పత్రం విలువ 79,449 డాలర్లని కంపెనీ లెక్క చెప్పింది. అందులో దాన్ని టైపు చేసిన కంప్యూటరు ఖరీదూ ఉంది, సాఫ్ట్‌వేరు ఖరీదూ ఉంది, రాసినవాడి జీతమూ ఉంది.

మీరు వెనక బెంచీలో కూర్చుని వింటున్నారు. డిఫెన్సు లాయరు షెల్డన్ జెన్నర్ కంపెనీ తరఫు సాక్షిని అడుగుతున్నాడు. చేతిలో టెలిఫోన్ కంపెనీల పుస్తకాల జాబితా. 911 గురించి దీనికన్నా ఎక్కువ వివరాలున్న పుస్తకాన్ని జనం ఎవరైనా కొనుక్కోవచ్చు, ఫోను చేసి క్రెడిట్ కార్డు నంబరు చెబితే ఇంటికి పంపిస్తారు. ధర 13 డాలర్లు. హాల్లో కదలిక మీకు వినిపించే ఉంటుంది. విచారణ నాలుగో రోజున ప్రభుత్వమే కేసు వదిలేసుకుంది. లాయరు ఫీజుల భారం మాత్రం ఆ కుటుంబం మీదే పడింది, లక్ష డాలర్ల దాకా.

ఆ నెలలోనే జాన్ పెర్రీ బార్లో, మిచ్ కేపర్, జాన్ గిల్మోర్ కలిసి ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పెట్టారు. నెట్ మీద పౌరహక్కుల కోసం కోర్టుకెక్కే సంస్థ అది. ఎనభై అక్షరాల వరసల్లో రాసుకునే కుర్రాళ్ళ పత్రిక కూడా పత్రికేనా అన్న ప్రశ్న ఆ షికాగో హాల్లోనే మొదటిసారి లేచింది. కేసు తీర్పుదాకా రాలేదు గానీ, ప్రభుత్వం వెనక్కి తగ్గడంతో సగం జవాబు వచ్చినట్టే.

ఇప్పుడు మన దేశానికి. 1998 మే 11న, 13న పోఖ్రాన్‌లో అణు పరీక్షలు. బుధవారీ బజార్లో మిఠాయిలు పంచిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. జూన్ మొదటి వారంలో ముంబయి పక్క ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వెబ్‌సైటు తెరిస్తే పుట్టగొడుగు ఆకారపు అణుమేఘం కనిపించింది. కింద అణ్వాయుధాల వ్యతిరేక సందేశం. ‘మిల్వర్మ్’ అనే గుంపు పని అది. అమెరికాలో, ఇంగ్లండులో, న్యూజీలాండ్‌లో ఉన్న టీనేజి పిల్లలు. ఒకళ్ళనొకళ్ళు ఎప్పుడూ చూసుకోలేదు, చాట్ గదుల్లో కలుసుకుంటారు. శాస్త్రవేత్తల ఈమెయిళ్ళు కూడా కొన్ని ఎత్తుకుపోయారు. రహస్యమైనవేవీ పోలేదని అధికారులన్నారు.

ప్రపంచమంతా దాన్ని వార్తగా వేసింది. నాకు మాత్రం అందులో ఆలోచన కన్నా తొందర ఎక్కువ కనిపిస్తుంది. పరీక్షల మీద మన దేశంలోనే వాదించిన వాళ్ళున్నారు, వ్యాసాలు రాశారు, వీధుల్లో నడిచారు. వాళ్ళ వాదనకు ఆ మేఘం బొమ్మ ఏమీ కలపలేదు. ఈమెయిళ్ళు పోయిన శాస్త్రవేత్త బాంబు వాడో, పంటల విత్తనాల వాడో కూడా ఆ పిల్లలకు అక్కర్లేదు. ట్రాంబేలో రెండు పనులూ జరుగుతాయి.

ఆ ఏడాది చివర్లోనే అసలు పంచాయితీ వచ్చింది. చైనాలో బ్యాంకు కంప్యూటర్లోంచి డబ్బు తీసిన ఇద్దరు అన్నదమ్ములకు మరణశిక్ష పడింది. అమెరికాలో ‘లీజియన్స్ ఆఫ్ ద అండర్‌గ్రౌండ్’ అనే బృందంలో కొందరు చైనా మీద, ఇరాక్ మీద యుద్ధం ప్రకటించారు. ఆ దేశాల నెట్‌వర్కుల్ని పని చేయకుండా చేస్తామన్నారు. కారణం మానవ హక్కులే. వినడానికి వీరోచితంగా ఉంది కదా?

1999 జనవరి 7. ఒక ఉమ్మడి ప్రకటన వచ్చింది. కింద సంతకాలు చూడండి. ఫ్రాక్. న్యూయార్కు నుంచి 1984 నుంచీ వస్తున్న ‘2600’ పత్రిక. జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్. బోస్టన్ ‘లాఫ్ట్’. టెక్సాస్‌లోని లబ్బక్‌లో పాడుబడ్డ కబేళాలో పుట్టి, దాన్నిబట్టే పేరు పెట్టుకున్న ‘కల్ట్ ఆఫ్ ద డెడ్ కౌ’. స్పెయిన్, పోర్చుగల్ నుంచి మరికొందరు. ఎవరి మాటా వినని బాపతు వీళ్ళు. ఒకరి మీద ఒకరు పేజీలకు పేజీలు తిట్లు రాసుకున్న వాళ్ళూ ఇందులో ఉన్నారు. అందరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి చెప్పింది ఇదీ: ఒక దేశపు నెట్‌వర్కుని పడగొట్టి ఆ దేశపు జనానికి సమాచార స్వేచ్ఛ తెస్తామనడం అర్థం లేని మాట. యుద్ధం అన్న మాట వాడారో, రేపు ప్రభుత్వాలు ప్రతి హ్యాకర్నీ శత్రు సైనికుడిగా చూస్తాయి. యుద్ధం ప్రకటించిన వాళ్ళు కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు.

‘హ్యాక్టివిజం’ అన్న మాటని వాడుకలోకి తెచ్చింది కూడా ఆ కబేళా బృందమే, 1996లో. వాళ్ళు రాసి పెట్టిన ఫైళ్ళలో సగం అశ్లీలం, పావు వంతు పిచ్చి కథలు. మిగతా పావు వంతులో మాత్రం అప్పటికి విశ్వవిద్యాలయాల్లో ఎవరూ రాయని ప్రశ్నలున్నాయి. ఏది పగలగొట్టొచ్చు, ఏది కూడదు, ఎవరి తరఫున? పగలగొట్టే పని ఎవరైనా నేర్చుకుంటారు. ఆ హద్దు గీసుకోవడానికి రాత కావాలి. పత్రికలున్న బృందాలు వాదించుకున్నాయి, పత్రికల్లేని బృందాలు ఊరికే పగలగొట్టాయి. నా లెక్కలో ఆ లోకాన్ని రెండుగా చీల్చే గీత ఇదే.

మళ్ళీ బిలాస్‌పూర్ కుర్చీలోకి రండి. మే 17. పక్క కుర్రాడి తెర మీద ఇప్పుడు ఇంకో కిటికీ. నీలంగా, మధ్యలో పెద్ద బొత్తం, దాని మీద పిల్లచేష్టల ఇంగ్లీషులో లేజరు ఛార్జ్ చేస్తున్నానని రాసి ఉంది. దాన్ని లోయిక్ అంటారు. ఎనానిమస్ అనే ముసుగు గుంపుకి భారతదేశపు కొమ్మ ఒకటి పుట్టింది, ‘ఆపరేషన్ ఇండియా’ అని పిలుపిచ్చింది. ఆ మధ్యాహ్నం సుప్రీంకోర్టు, కాంగ్రెస్ పార్టీ వెబ్‌సైట్లు కాసేపు తెరుచుకోలేదు.

ఆ బొత్తం చేసే పని పెద్ద రహస్యమేం కాదు. రిజర్వేషన్ కౌంటర్ దగ్గర వెయ్యిమంది వరసగా నిలబడి, టికెట్ తీసుకోకుండా, “తిరుపతి బండి ఎన్నింటికి?” అని అడుగుతూనే ఉంటే ఎలా ఉంటుంది? గుమాస్తా ఎవరికీ టికెట్ ఇవ్వలేడు. కౌంటర్లో ఏదీ పగలలేదు, డబ్బు పోలేదు, నిజంగా ఊరెళ్ళాల్సిన మనిషి మాత్రం వెళ్ళలేడు.

“నొక్కావా?” అని అడుగుతారు.

“లేదన్నయ్యా. మన అడ్రసు కనిపించిపోతది. రిజిస్టర్లో పేరు కూడా ఉంది కదా.”

తెలివైనవాడే. లోయిక్ నొక్కినవాడి కంప్యూటరు చిరునామాను దాచదు. ఆ సంగతి తెలియక అమెరికాలో, ఇంగ్లండులో నొక్కిన పిల్లలు ఎందరో పోలీసులకి దొరికిపోయారు. పిలుపిచ్చిన వాళ్ళలో చాలామంది ఆ సంగతి గట్టిగా చెప్పలేదు. 1999లో ఉమ్మడి ప్రకటన రాసినవాళ్ళు ఈ బొత్తాన్ని చూస్తే ఏమనేవారో ఊహించడం కష్టం కాదు. సైట్లు మూసినందుకు కోపం వస్తే కోర్టు సైటును మూయడమా? కేసు ఏమిటో, ఉత్తర్వులో ఏముందో జనం చదువుకోవాల్సిన చోటు అదే కదా.

మే 26 సంగతి వేరు. ఆ రోజు కొన్ని గంటలపాటు రిలయన్స్ కమ్యూనికేషన్స్ లైను మీద ఉన్న కొందరికి వాళ్ళు కోరిన సైట్ల బదులు ఎనానిమస్ పేజీ కనిపించింది. అంతకన్నా ముఖ్యమైంది, ఆ కంపెనీ ఆపేసిన చిరునామాల జాబితా తమకు దొరికిందంటూ బృందం దాన్ని బయటపెట్టింది. కోర్టు ఉత్తర్వులతో సంబంధం లేని పేజీలూ అందులో ఉన్నాయని ఆరోపించింది. తమ సర్వర్లు భద్రంగా ఉన్నాయంటూ కంపెనీ ఆ మాటని ఖండించింది.

ఆ జాబితా ఒక ఫైలుగా వచ్చింది. ఉత్త అక్షరాలు, వరస కింద వరస. ఫ్రాక్ నుంచి వచ్చిన అలవాటు ఇదే అనిపిస్తుంది నాకు. దేశంలో సైట్లు ఆపే 2009 నాటి నిబంధనల్లో 16వది, ప్రభుత్వం ఆపమన్న సైట్ల గురించిన విన్నపాలు, చర్యలు రహస్యంగా ఉంచాలంటుంది. సినిమా ఉత్తర్వులు ఆ దారిన రాలేదు, కోర్టు ద్వారా వచ్చాయి. అయినా చూసేవాడికి తేడా ఏముంది? తెల్ల పేజీ, ఒక్క వాక్యం. ఏది సర్కారు ఆపిందో, ఏది సినిమా వాళ్ళు ఆపించారో, ఏది కంపెనీ తనంతట తాను ఆపిందో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు. దారి తప్పైనా, ఆ కాగితాన్ని బయట పెట్టే ప్రయత్నం చేసింది ముసుగు గుంపు. పదిరోజుల లేజరు కాల్పులన్నీ కలిపినా ఆ ఒక్క ఫైలుకి సాటి రావు.

ఈ మూసివేతలకు నిరసనగా జూన్ 9న పలు నగరాల్లో కుర్రాళ్ళు ఎనానిమస్ గుర్తైన తెల్లటి గై ఫాక్స్ ముసుగులు తగిలించుకుని వీధుల్లోకి వచ్చారు. ముంబయి ఆజాద్ మైదాన్‌లో నిలబడి చూడండి. వందమంది లోపే. ముసుగు లోపల చెమట కారుతుంటే ఎత్తి తుడుచుకుంటున్నారు, ఫొటోగ్రాఫర్లు మళ్ళీ పెట్టుకోమంటున్నారు. జూన్ 22న మద్రాసు హైకోర్టు తన ఉత్తర్వును సవరించింది. మూయాల్సింది దొంగ కాపీ ఉన్న ఫలానా పేజీని, సైటు మొత్తాన్ని కాదు అని తేల్చింది. కోర్టులో అడిగింది ముసుగు వేసుకున్నవాళ్ళు కాదు, ఇంటర్‌నెట్ కంపెనీలు. ఈ సంగతి ఎనానిమస్ అభిమానులు చెప్పేటప్పుడు మర్చిపోతుంటారు.

ఆ సవరణ ఎంతకాలం నిలిచిందో కూడా చెప్పాలి. 2017 ఆగస్టులో అదే హైకోర్టు నుంచి, మళ్ళీ సినిమాల కోసమే, ఈసారి హిందీ సినిమాలు, 2,600కు పైగా చిరునామాల జాబితాతో ఉత్తర్వు వచ్చింది. ఆ జాబితాలో ఆర్కైవ్ డాట్ ఆర్గ్ ఉంది. లక్షల పుస్తకాల లైబ్రరీ అది. తెలుగు పాత పుస్తకాలు వేలకొద్దీ అక్కడున్నాయి, హ్యాకర్ల పాత పత్రికలూ అక్కడే ఉన్నాయి. కొన్ని రోజులు దేశంలో చాలామందికి ఏదీ రాలేదు.

బిలాస్‌పూర్ గురించి చెప్పకుండా వదిలేయలేని విషయం ఇంకొకటుంది. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది ఈ ఊళ్ళోనే. కార్మికుల, ఆదివాసీల కేసులు వాదిస్తూ ఇక్కడ ప్రాక్టీసు చేసిన సుధా భరద్వాజ్‌ని 2018 ఆగస్టు 28న ఫరీదాబాద్‌లో అరెస్టు చేశారు. అదే రోజు హైదరాబాద్‌లో వరవరరావుని తీసుకెళ్ళారు. భీమా కోరేగావ్ కేసు. అదే కేసులో ముందే అరెస్టయిన రోనా విల్సన్ లాప్‌టాప్‌ని పరీక్షించిన అమెరికన్ సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. నెట్‌వైర్ అనే సాఫ్ట్‌వేరుతో ఎవరో ఆ లాప్‌టాప్‌లోకి చొరబడి, 22 నెలలపాటు ఉండి, సాక్ష్యంగా చూపించిన లేఖల్ని అందులో పెట్టారని దాని సారాంశం. దర్యాప్తు సంస్థ ఆ నివేదికను ఒప్పుకోలేదు.

2022 ఫిబ్రవరిలో సెంటినల్‌వన్ అనే సంస్థ ఆ చొరబాటుదార్లకు ‘మాడిఫైడ్ ఎలిఫెంట్’ అని పేరు పెట్టింది. కనీసం 2012 నుంచీ పని చేస్తున్నారట, మన దేశంలోని హక్కుల కార్యకర్తలు, లాయర్లు, విలేకరుల మీదే. వాళ్ళకు ప్రకటనల్లేవు, పత్రిక లేదు, సంతకం లేదు. ఏది కూడదో ఒకరితో ఒకరు వాదించుకున్న దాఖలా ఎక్కడా లేదు. ఆర్సెనల్ చెప్పింది నిజమైతే, వాళ్ళ చేతిరాతంటూ ఉన్నది ఇంకొకరి లాప్‌టాప్‌లో, ఇంకొకరి పేరు మీద పెట్టిన ఉత్తరాలే. ముసుగేసుకుని మైదానంలో చెమటోడ్చిన కుర్రాళ్ళని చూసి నవ్వినవాళ్ళు ఈ రెండో రకాన్ని ఒకసారి వాళ్ళ పక్కన పెట్టి చూడాలి.

అదే ఏడాది జూన్‌లో వైర్డ్ పత్రిక ఇంకో సంగతి రాసింది. విల్సన్, వరవరరావుల ఈమెయిల్ ఖాతాలకు ఎవరో అదనంగా ఒక ఈమెయిలు, ఒక ఫోను నంబరు జతచేశారని, అవి కేసు చూసిన పుణె పోలీసు అధికారి ఒకరివని సెంటినల్‌వన్ పరిశోధకులు గుర్తించారన్నది ఆ కథనం. సుధా భరద్వాజ్‌కి 2021 డిసెంబరులో, వరవరరావుకి 2022 ఆగస్టులో బెయిలు వచ్చింది. నెట్‌వైర్ అమ్మే వెబ్‌సైటును 2023 మార్చిలో ఎఫ్‌బీఐ స్వాధీనం చేసుకుంది, దాన్ని నడుపుతున్నాడంటూ క్రొయేషియాలో ఒకణ్ని అరెస్టు చేశారు. దాన్ని కొని ఆ లాప్‌టాప్ మీద వాడిందెవరో ఏ కోర్టూ తేల్చలేదు.